మెరక వద్దన్న మనిషి

మా పెద్దమ్మ పోయిందన్న కబురు తెలిసేసరికి నేను కొత్తపేటలో, పాఠాలు చెప్పే బళ్ళో మధ్యాహ్న భోజనాల దగ్గర నిలబడి ఉన్నాను. మా చర్చి సంఘంవాళ్ళ ఫోను గ్రూపులో వచ్చింది, "ప్రభువునందు నిద్రించారు" అని. పక్కన రెండు తెల్లపూలు, ఒక పావురం బొమ్మ. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆవిడ నిద్రపోవడమేమిటి? బయట వాన పడుతుంటే జన్మలో కుదురుగా కూచున్న మనిషి కాదు. వాయుగుండం అన్న మాట చెవిన పడితే చాలు, గొడుగు తీసుకుని పార్కుకేసి నడిచేది. ఆ వారమంతా మాకు ఎడతెరిపి లేని వాన.

గుండె జబ్బు. చాలాకాలంగా ఉన్నదే. రాజమండ్రి ఆసుపత్రిలో పోయింది. పార్కు మూలంగా పోయిందని నేనంటే ఆవిడే ఒప్పుకోదు. "ఉన్నది చెప్పవే, ఉప్పూకారం వెయ్యకు" అనేది. కాబట్టి ఉన్నదే చెబుతాను. కోపంగా మాత్రం చెబుతాను. అది తగ్గించుకోమని ఎవరూ నాకు చెప్పకండి, ఈ నెల్లాళ్ళుగా అందరూ అదే చెబుతున్నారు.

ఆంబులెన్సు కొత్తపేట మీదుగా వస్తుంటే దారిలో నేనూ ఎక్కాను. ముందు సీట్లో మా మావయ్య, అంటే పెద్దమ్మ తమ్ముడు, తల వంచుకుని కూచున్నాడు. మా పేటకి వెళ్ళాలంటే మునిసిపల్ పార్కు దాటి కిందికి దిగాలి. పార్కు గేటు దగ్గరే బండి ఆగిపోయింది. అక్కణ్ణించి మా పేట వీధి మోకాలి లోతు నీళ్ళు.

"ఇంక ముందుకెళ్ళదండీ. ఇంజన్లోకి నీళ్ళొచ్చేత్తాయండీ" అన్నాడు డ్రైవరు.

పక్కనే పార్కు. ఎత్తుగా, పొడిగా, టైల్సు తళతళలాడుతూ. మధ్యలో పైకప్పున్న మంటపం. మావయ్య దిగి కాపలా మనిషి దగ్గరికి వెళ్ళాడు. "మా అక్కగారి పెట్టె ఆ మంటపంలో ఓ గంట పెట్టుకుంటాం బాబూ. జనం వచ్చి చూసుకుని వెళ్ళిపోతారు."

ఆ అబ్బాయి కాంట్రాక్టు మీద కొత్తగా వచ్చినవాడు. చేతులు కట్టుకున్నాడు. "ఏమీ అనుకోకండే. టైము అయిపోయిందండీ. ఆర్డరు లేకుండా తీస్తే నా ఉద్యోగం పోద్దండీ."

చూశారా, మా కోనసీమలో కాదనేవాడు కూడా అండీ అనే కాదంటాడు. అందుకే ఎవరిమీదా గట్టిగా కోపం తెచ్చుకోలేరు మావాళ్ళు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ గేటుకి పగటిపూట తాళం వెయ్యనివ్వని మనిషి, అదే గేటు బయట వానలో పెట్టెలో పడుకుని ఉంది. మావయ్య ఆ నీళ్ళలోకి దిగాడు. ఇంటికి నడిచివెళ్ళి తన ట్రాక్టరు తెచ్చాడు. తొట్టిలో టార్పాలిన్ పరిచి పెద్దమ్మని ఎక్కించాం. నీళ్ళు చీల్చుకుంటూ ట్రాక్టరు పేటలోకి దిగింది. అదే ట్రాక్టరు ఇంతకుముందు ఏం మోసిందో తర్వాత చెబుతాను.

పెద్దమ్మ మా మునిసిపాలిటీలో పార్కుల సెక్షన్ చూసేది. సెక్షనంటే పెద్ద ఆఫీసేదో అనుకునేరు. ఒక బల్ల, ఇద్దరు తోటమాలులు, చిల్లులు పడ్డ రబ్బరు గొట్టం, అంతే. ఆ పైన ఆవిడ గొంతు. మా తాతమ్మలు పరాయి చేలల్లో ఊడ్పులు ఊడ్చిన పేట నుంచి చదువుకుని, బోటనీలో ఎమ్మెస్సీ చేసి, ఆఫీసరై వచ్చిన మొదటి ఆడపిల్ల. వినయం అనేది ఆవిడ ఇంటావంటా లేదు. "నాకు వినయం ఎందుకే? చదువుకున్నాను" అనేది. ఊళ్ళో అందరూ పార్కు మేడమ్‌గారనేవారు. కొందరు ప్రేమగా, కొందరు పళ్ళు నూరుతూ.

ఆవిడ లెక్కలో పార్కు అంటే ఇంట్లో చోటు లేనివాడి వసారా. మధ్యాహ్నం పూట కాట్రేనికోన వైపు నుంచి చేపలమ్మడానికి వచ్చిన ఆడవాళ్ళు, గంపలు ఖాళీ అయ్యాక కానుగ చెట్ల కింద కూచుని సద్ది విప్పుకునేవారు. ఆసుపత్రిలో రోగి దగ్గరున్నవాళ్ళు వచ్చి కాస్త నడుం వాల్చేవారు. పొద్దుటిపూట నడిచే పెద్దమనుషులు ఒకసారి గుంపుగా వచ్చి చేపల కంపు కొడుతోందని ఫిర్యాదు చేశారు.

పెద్దమ్మ శ్రద్ధగా వింది. "మీరు ఆరింటికి వత్తారు, ఏడున్నరకి వెళ్ళిపోతారు. వాళ్ళు ఒంటిగంటకి వత్తారు. మరి కంపు మీకెలా కొట్టిందండీ?"

వాళ్ళు ఫిర్యాదు కాయితం మడుచుకున్నారు.

"పులస చేప దొరికితే మాత్రం ఆ గంప చుట్టూ మీరే మూగుతారు కదండీ" అని కూడా అంది. అక్కడితో ఆగొచ్చు కదా, ఆగదు. అలా అనే శత్రువుల్ని సంపాదించుకునేది.

శుక్రవారం సాయంత్రాలు బెంచీల నిండా ఆడపిల్లలుండేవారు. మొగుళ్ళు గల్ఫులో ఉన్నవాళ్ళు. అక్కడ శుక్రవారం సెలవు కదా. అత్తగారింట్లో అందరి మధ్యా మాట్లాడలేని మాటలు ఇక్కడికొచ్చి ఫోనులో మాట్లాడుకునేవారు. శుక్రవారం సాయంత్రం మోటారు వెయ్యొద్దని పెద్దమ్మ తోటమాలులకి గట్టిగా చెప్పింది. ఆ చప్పుడులో వాళ్ళకి మాట వినపడదని. మొక్కలు ఒకపూట నీళ్ళు లేకపోతే చావవు అనేది. గడ్డి తొక్కరాదు అన్న బోర్డు తెచ్చి పాతితే తనే పీకించింది. "తొక్కితే చచ్చే గడ్డి మనకెందుకయ్యా? తొక్కినా బతికే గడ్డి వెయ్యండి" అంది. వేశారు. బతికింది కూడా.

మాట్లాడుతూ మాట్లాడుతూ వంగి కలుపు పీకడం ఆవిడ అలవాటు. పెద్ద ఆఫీసరుతో మాట్లాడుతున్నా సరే. ఎదుటివాడు ఆవిడ వీపుకి జవాబు చెప్పుకోవలసి వచ్చేది. నాకది చూస్తే ఎంత సరదాగా ఉండేదో.

ఇక మెరక సంగతి. మా కోనసీమలో ఇల్లు కట్టేవాడు పునాది కంటే ముందు మెరక గురించి ఆలోచిస్తాడు. ట్రాక్టర్లతో మట్టి తోలించి, స్థలాన్ని రోడ్డు కంటే ఎత్తు చేస్తాడు. పక్కింటాయన అంతకంటే జానెడు ఎక్కువ తోలిస్తాడు. తర్వాత రోడ్డు మళ్ళీ వేస్తారు, అది ఇళ్ళకంటే లేస్తుంది. మళ్ళీ మట్టి. "మెరకెంత వేయించేరండీ?" అన్నది మాకు "భోంచేశారా?" అన్నంత మామూలు మాట. మెరకున్నవాడికి మర్యాద. పల్లంలో ఉన్నవాడు అంటే మీకు తెలుసు కదా, ఎవరుంటారో.

ఇలా ఊరంతా లేచాక నీళ్ళు ఎటు పోవాలి? పార్కు వెనక మూల ఒక పెద్ద పల్లం ఉండేది. చుట్టుపక్కల వీధుల వాననీరు, మా పేట నీళ్ళు, గోడలో ఉన్న తూముగుండా అందులోకి చేరేవి. తుంగ మొలిచేది, కప్పలు అరిచేవి, కొంగలు వాలేవి. నీళ్ళెంత నిలవున్నా కుళ్ళని మద్ది చెట్లు, కానుగ చెట్లు పెద్దమ్మ చుట్టూ వేయించింది. వాన వెలిసిన నాలుగైదు రోజులకి నీరు భూమిలోకి ఇంకిపోయేది. ఎండాకాలం అదే పిల్లలకి క్రికెట్ మైదానం. చూడ్డానికి ఏమీ గొప్పగా ఉండేది కాదు. కొత్తగా వచ్చిన ప్రతి పెద్దమనిషికీ అది పార్కు మొహమ్మీద మచ్చలా కనిపించేది.

ఆ పల్లం పూడ్చి, టైల్సు పరిచి, ఫౌంటెన్ పెట్టి, ఊరి పేరు రంగు దీపాలతో రాసి, జనం ఫోటోలు దిగేలా చేద్దామన్నారు. పెద్దమ్మ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అడ్డుపడింది. కౌన్సిల్ సమావేశంలో లేచి, "నీరు పల్లమెరుగు అంటారండీ. మీరు పల్లం లేకుండా చేస్తే అది కొత్త పల్లం వెతుక్కుంటాది. అదెక్కడో మీకు తెల్సు. నాకూ తెల్సు. నేనక్కడే పుట్టేను" అంది. పని ఆగింది. కానీ వాళ్ళు ఆవిడతో వాదించి గెలవాలనుకోలేదు, ఆవిడ రిటైరవడం కోసం కాచుకున్నారు.

రిటైరైన రోజు శాలువా కప్పారు, గజమాల వేశారు, మీ సేవలు మరువలేనివి అన్నారు. ఎంత త్వరగా మరిచారంటే, మెళ్ళో వేసిన పూలు పూర్తిగా వాడకముందే మొదటి మట్టి ట్రాక్టరు పార్కులోకి వెళ్ళింది.

ఆ ట్రాక్టరు మా మావయ్యది.

మట్టి తోలడం అతని వ్యాపారం. కాంట్రాక్టు దొరికింది, తోలాడు. ఇంకా నన్ను మండించిందేమిటంటే, మా పేట వాళ్ళు సంతోషించారు. మన పార్కు మెరకయ్యిందన్నారు! తరతరాలుగా పల్లంలో బతికిన జనం కదా, మెరక ఎక్కడ వేసినా అది తమకే గౌరవమనిపించింది. కొబ్బరికాయ కొట్టేవాళ్ళు కొట్టారు, ప్రార్థన చేసేవాళ్ళు చేశారు. ప్రారంభోత్సవానికి మా ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని వెళ్ళారు. గోడలో తూము సిమెంటు పెట్టి మూసేస్తుంటే ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం మా ప్రార్థన గుడి నుంచి వస్తూ పెద్దమ్మ మావయ్య ఇంటికి వెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను. కోడికూరతో అన్నం పెట్టారు. శుభ్రంగా తింది. చెయ్యి కడుక్కుని అప్పుడంది: "తమ్ముడూ, మెరక వేసేవాడు నా నీళ్ళెటు పోతాయని అడుగుతాడు. ఎవరింటికి పోతాయని అడగడు. నువ్వూ అడగలేదు."

"నేను కాపోతే ఇంకోడు తోలుతాడక్కా" అన్నాడు మావయ్య.

"అప్పుడు ఇంకోడిని తిడుదును" అంది. ఇల్లు దగ్గరే కాబట్టి నడిచి వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చి అతని ఇంట్లోనే కాఫీ తాగింది. పెద్దమ్మ తిట్టేది గానీ మాటలు మానేసేది కాదు. నేనైతే మానేశాను.

కొత్త పార్కుకి టిక్కెట్టు పెట్టారు. వేళలు పెట్టారు. గంపలతో రాకూడదన్నారు. చేపలమ్మేవాళ్ళు ఇప్పుడు బస్టాండు గోడ నీడ ఎటు తిరిగితే అటు జరుగుతూ తింటున్నారు. మద్ది చెట్ల చుట్టూ మొదలుదాకా సిమెంటు పోశారు, ఒకటొకటిగా ఎండిపోతున్నాయి. ఫౌంటెన్ ప్రారంభోత్సవం రోజున ఆడింది. తర్వాత దోమలు పెంచుతోంది.

వర్షాకాలం వచ్చింది. పల్లం లేని నీళ్ళు, పెద్దమ్మ చెప్పిన చోటికే వచ్చాయి. మా పేటలో ముందు వరస ఇళ్ళలో మంచాల కిందికి వచ్చాయి. పెద్దమ్మ ఇంట్లో పొయ్యిగట్టు దాకా వచ్చాయి. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కర్ర పట్టుకుని, ఆ నీళ్ళలో నడుచుకుంటూ ప్రతి సోమవారం అర్జీలు తీసుకునే చోటికి వెళ్ళేది. పల్లం మళ్ళీ తవ్వండి, తూము తెరవండి, అంతే ఆవిడ అడిగింది. "ఆయ్, తప్పకుండానండీ మేడమ్‌గారూ. చూద్దామండీ" అనేవారు. కుర్చీ వేసేవారు, టీ తెప్పించేవారు. ఇంటికొచ్చి నాకు ఫోను చేసేది. "ఆయ్ అన్నారే. ఇంక అవదు."

నేను కొత్తపేట నుంచి ఫోనులోనే అరిచేదాన్ని. అంత నోరున్నదానివి, వాళ్ళ బల్ల మీద గుద్ది అడగవేమని. "ఉద్యోగం ఉన్నప్పుడు నా నోటికి బలం ఉండేదే. ఇప్పుడు ముసిలిదాని నోరు. అంచేత కాళ్ళతో అడుగుతున్నాను" అంది. వాన తర్వాత వాన, సోమవారం తర్వాత సోమవారం, ఆవిడ కాళ్ళతోనే అడిగింది. గుండె జబ్బు మనిషి. సంతకం పెట్టాల్సిన చెయ్యి ఒక్కటీ కదల్లేదు.

భూస్థాపన అయ్యాక ఆదరణ కూడిక, అంటే పోయినవాళ్ళ జ్ఞాపకంగా ప్రార్థన సభ, పెట్టుకున్నాం. పెద్దమ్మ ఇంట్లో, వీధిలో ఇంకా నీళ్ళు నిలిచే ఉన్నాయని ప్రార్థన గుళ్ళో పెట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా మునిసిపల్ ఛైర్మన్‌గారు వచ్చారు. దండ తెచ్చారు, ఫోటోకి వేశారు, కళ్ళు తుడుచుకున్నారు. మైకు తీసుకున్నారు.

"మేడమ్‌గారు మా అందరికీ తల్లి లాంటివారండీ. ఆవిడ పచ్చగా చేసిన పార్కుకి ఆవిడ పేరే పెడుతున్నామండీ. గేటు మీద పెద్ద అక్షరాలతో."

జనం చప్పట్లు కొట్టారు. మా పేట జనం! నీళ్ళలో నాని కాళ్ళు ఒరిసిపోయి, పిల్లలకి జ్వరాలొచ్చి, ఇంకా చప్పట్లు. ఏ గోతిని ఆవిడ పూడ్చొద్దందో, ఆ గోతి మీద పేరు రాసి, ఆవిడ నోరు శాశ్వతంగా మూసేస్తారన్నమాట. రేపు ఎవరైనా పల్లం తవ్వమంటే, మేడమ్‌గారి పార్కుని పాడుచేస్తారా అని అడుగుతారు. నేను లేవబోయాను. నాకంటే ముందు మావయ్య లేచాడు.

అతను సభల్లో మాట్లాడే మనిషి కాదు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు. చేతులు కట్టుకున్నాడు.

"పేరు వద్దండీ."

ఛైర్మన్‌గారు నవ్వారు. "అదేంటండీ, మీ కుటుంబానికి గౌరవం కదండీ."

"ఆయ్, గౌరవమేనండీ. ఆ మట్టి తోలింది నేనండీ. నా చేతుల్తో తోలేను. మొన్న మా అక్కని ఆ మంటపంలో గంటసేపు పెట్టుకుంటామంటే కుదర్లేదండీ. తాళం తియ్యలేదు. మట్టి మోసిన తొట్టిలోనే మా అక్కని మోసుకొచ్చేనండీ." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "పేరు మీరే ఉంచుకోండి. ఆ మూల మాకిచ్చేయండి. నేను తోలింది నేనే తీసేసుకుంటాను."

"ఆయ్, కౌన్సిల్లో పెడదామండీ" అన్నారు ఛైర్మన్‌గారు.

"తమరు పెట్టేలోపు మళ్ళీ వాన వచ్చేత్తాదండీ" అన్నాడు మావయ్య. కూచున్నాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు పొద్దున్న పార్కు తెరిచే వేళకి మావయ్య వెళ్ళాడు. వెనకాల పేట మగవాళ్ళు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు. చేతుల్లో గునపాలు, పారలు, మట్టి మోసే గమేళాలు. మావాళ్ళ మర్యాద సంగతి చెప్పాను కదా. వరసలో నిలబడి అందరూ టిక్కెట్లు కొనుక్కున్నారు! కాపలా అబ్బాయి టిక్కెట్లు చింపి ఇచ్చాడు, గునపాల వైపు చూశాడు, తర్వాత ఫౌంటెన్ వైపు తిరిగి నిలబడ్డాడు. గంపలు తేకూడదని రాసి ఉంది గానీ, గునపాల గురించి ఏమీ రాసి లేదు.

వెనక మూల టైల్సు లేపారు. ఒక్కటీ పగలగొట్టకుండా లేపి, దొంతరగా పేర్చారు. "ప్రభుత్వం సొమ్ము, జాగర్త" అని మావయ్య అరుస్తూనే ఉన్నాడు. కింద ఇసక, ఇసక కింద అతను తోలిన ఎర్రమట్టి. తవ్వుతుంటే వాన మొదలైంది. ఆడవాళ్ళు గమేళాలు అందుకున్నారు. నేనూ చీర బిగించి వరసలో నిలబడ్డాను. ఇన్నాళ్ళ తర్వాత మావయ్యతో నేనన్న మొదటి మాట, "ఇటివ్వు."

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. ఎస్సైగారు చిన్నవాడు. "ఆపండి, ఆపండి, ఎవరు చెప్పేరు మీకు తవ్వమని?" అన్నాడు. అప్పటికి గొయ్యి ఒక గదంత అయ్యింది. పాత పల్లంలో పదో వంతు కూడా ఉండదు. మావయ్య గోడ దగ్గర మోకాళ్ళ మీద కూచుని, తూముకి పెట్టిన సిమెంటు మీద గునపంతో పొడుస్తున్నాడు.

"వచ్చేత్తానండీ, ఒక్క నిమిషం" అన్నాడు తల తిప్పకుండా.

కేసు పెట్టారు, నడుస్తోంది. గోతి చుట్టూ పసుపు రిబ్బను కట్టి, ప్రమాదం అని బోర్డు పెట్టారు. మా పేటలో నీళ్ళు నిలిచినన్నాళ్ళు ఎవరికీ తోచని బోర్డు. పార్కుకి పెద్దమ్మ పేరు పెట్టే ఆలోచన ఇంకా ఉందట. పెట్టమనండి. గేటు మీద ఆవిడ పేరున్న రోజున, గేటు ముందు కూచోడానికి నేను సెలవు పెడతాను.

ఆ మధ్యాహ్నం మాత్రం సిమెంటు పెచ్చు ఊడి వచ్చింది. ముందు ఏమీ రాలేదు. తర్వాత చెత్త వచ్చింది, ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి పీచు, ఎవరిదో పిల్లల జోడు. దాని వెనకాల నీళ్ళు. మా వీధి నీళ్ళు, మా మంచాల కింద నీళ్ళు, నల్లగా, చప్పుడు చేసుకుంటూ గోతిలోకి దిగాయి. తవ్వేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఎస్సైగారు కూడా చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండి చూస్తున్నాడు. గోడ అవతలనుంచి ఎవరో ముసలమ్మ కేక వేసింది, "మా గుమ్మం కనబడతందర్రా!" అని. మావయ్య లేవలేదు. మోకాలి లోతు బురదలో కూచుని, ఆ నీళ్ళు తన ఒళ్ళు తడుపుకుంటూ పోతుంటే, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ, "అక్కా, దిగుతన్నాయే... దిగుతన్నాయే, చూడు" అంటున్నాడు.